మందుల యంగడియు మలేరియా జ్వరమును

పాములపాడు వంటి పల్లెసీమలలో జ్వరము తగిలినవాడు కూలి పోగొట్టుకొనలేక మొదట మందుల యంగడికే పోవును. అంగడివాడిచ్చు రెండు బిళ్లలతో జ్వరము దిగవచ్చును. మలేరియా యైనచో రక్తములోని క్రిమి చావదు.

ఆ క్రిమి దోమ కడుపున పెరుగునని రోనాల్డు రాసు దొర 1897లో సికిందరాబాదున కనుగొనెను. మందులును దొరకినవి. అవి తగిన మోతాదున రోగికి చేరుటయే మిగిలిన చిక్కు.

అంగడివారికి నేర్పిన ఫలముండునా? ఆఫ్రికాలోని కెన్యా దేశమున, కిలిఫీ సీమలో నేర్పి చూచిరి. అంగడి క్లోరోక్విను వాడిన పిల్లల జ్వరములలో తగిన మోతాదు అందినవి మునుపు నూటికి 4, పిమ్మట 65. ఈ ఫలితము 1999లో ప్రకటింపబడెను. తరువాత అచటి క్రిమి ఆ మందునకు లొంగనందున వేఱు మందు వాడవలసివచ్చెను. కావున శిక్షణ మొకసారితో ముగియునది కాదు.

మన యంగడివారికి నేర్పదగినవి మూడు. మొదటిది, రక్తపరీక్ష కానిదే మలేరియా మందు అమ్మరాదు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రమున పరీక్ష ఉచితము. రెండవది, వైద్యుడు వ్రాసిన దినములన్నియు మందు వాడవలెనని చెప్పవలెను. వైవాక్సు జాతి క్రిమి కాలేయమున దాగియుండును గనుక, సాధారణముగా 3 దినముల క్లోరోక్వినుతోపాటు 14 దినములు ప్రిమాక్విను వాడుదురు. గర్భిణులకును పసికందులకును ప్రిమాక్విను కూడదు. మూడవది, మూర్ఛయో ఆగని వాంతులో కనబడిన వెంటనే ఆసుపత్రికి పంపవలెను.

విద్యార్థులారా, ఇంట జ్వరము వచ్చినప్పుడు అంగడికి పరుగెత్తువారు తఱచు మీరే. మందు అడుగుటకు ముందు, పరీక్ష అయినదా యని ఇంటివారిని అడుగుడని మా మనవి.