ఒకే ఆకు, మూడు మర్యాదలు

ఈ నెల ఇంటి పాఠం: కుటుంబమంతా కలిసి చేయడానికి



"ఈరోజు స్కూల్లో ఏం చెప్పారు?" "ఏం లేదు."

పేరెంట్ టీచర్ మీటింగ్‌కు వచ్చిన చాలామంది మాతో చెప్పుకునే సంభాషణ ఇది. ఇంటికి రాగానే మార్కులు, యూనిట్ టెస్టు, హోమ్‌వర్క్ గురించే అడుగుతుంటే జవాబులు కూడా అంత పొట్టిగానే వస్తాయి. అందుకే ఈ నెల పాఠానికి పుస్తకం అక్కర్లేదు. నాలుగు ఆదివారాలు, సాయంత్రం నాలుగు గంటలకు అరగంట కేటాయించండి చాలు. టీ తయారీలో చేయి వేసేది, అందించేది పిల్లలు. అతిథులు మీరు. నియమం ఒక్కటే: ఆ అరగంటలో మార్కులు, ర్యాంకుల మాట ఎత్తకూడదు.

మొదట మాట సంగతి

మనం 'టీ' అంటాం, హైదరాబాద్‌లో 'చాయ్' అంటాం. రెండూ ఒకే చైనా అక్షరం నుంచి వచ్చాయి. ఆ అక్షరాన్ని చైనాలో చాలాచోట్ల 'చా' అని పలుకుతారు, ఫూజియన్ తీరంలో మాత్రం 'తే' అంటారు. పర్షియా మీదుగా నేల దారిన నడిచింది చాయ్ అయింది. డచ్చి వర్తకుల ఓడలెక్కి ఐరోపా చేరింది టీ అయింది. మన 'తేయాకు', 'తేనీరు' మాటల్లో ఉన్నదీ ఆ 'తే'నే. తేనీరులో తేనె లేదని పిల్లలకు చెప్పండి, నవ్వుకుంటారు.

గ్రీన్ టీ, బ్లాక్ టీ వేర్వేరు మొక్కల నుంచి రావు. రెండూ కమెల్లియా సైనెన్సిస్ ఆకులే. కోసిన కొద్దిసేపటికే వేడి తగిలిస్తే ఆకు పచ్చగా ఉంటుంది. నలిపి గాలికి వదిలితే ఆక్సీకరణం జరిగి నల్లబడుతుంది. కోసిన ఆపిల్ ముక్క రంగు మారడం లాంటిదే ఇది.

మొదటి ఆదివారం: జపాన్

జపాన్‌లో టీ అందించే పద్ధతిని తీర్చిదిద్దిన గురువుల్లో ముఖ్యుడు సెన్ నో రిక్యూ (1522–1591). ఆయన సంప్రదాయంలోని టీ గదికి ద్వారం రెండడుగులకు కాస్త ఎక్కువ ఎత్తు మాత్రమే ఉంటుంది. ఎంతటి సమురాయ్ అయినా కత్తి బయటే పెట్టి, వంగి లోపలికి రావాల్సిందే. మన ఇళ్లలో కత్తులు లేవు, ఫోన్లున్నాయి. గది గుమ్మం దగ్గర ఒక బుట్ట పెట్టి అందరి ఫోన్లూ అందులో వేయండి. ముందు మీది వేయండి.

అక్కడ మాచ్చా అనే పొడి వాడతారు. మనకు మామూలు గ్రీన్ టీ చాలు. నీళ్లు మరిగించి దించి, కొన్ని నిమిషాలు చల్లారనిచ్చి (సుమారు 80 డిగ్రీలు) ఆకు వేయండి. రెండు నిమిషాలకు వడకట్టండి. ఇంకో కప్పులో సలసల కాగే నీళ్లు పోసి ఆకును ఐదు నిమిషాలు ఉంచండి. రెండూ చెంచాతో రుచి చూడండి. రెండోది చేదుగా, వగరుగా ఉంటుంది. ఎందుకో పిల్లలనే ఊహించమనండి.

గిన్నెలోని అందమైన వైపు అతిథికి ఎదురుగా ఉండేలా అందిస్తారు. అతిథి ఆ వైపు నుంచి తాగకుండా గిన్నెను కొద్దిగా తిప్పుకుంటాడు. మీ అమ్మాయో అబ్బాయో రెండు చేతులతో అందిస్తే, మీరూ రెండు చేతులతో అందుకోండి.

రెండో ఆదివారం: మొరాకో

గ్రీన్ టీ, గుప్పెడు పుదీనా, చక్కెర. ఇదే మొరాకో టీ. కెటిల్ ఎత్తి పట్టుకుని చిన్న గాజు గ్లాసుల్లో నురగ వచ్చేలా పోస్తారు. మన టీ బండి దగ్గర ఎత్తి పోసేవాళ్లను చూసిన పిల్లలకు ఇది కొత్తేమీ కాదు. వాళ్లు చన్నీళ్లతో సింక్ దగ్గర సాధన చేయవచ్చు. వేడి టీ మాత్రం పెద్దవాళ్లే పోయాలి.

అతిథికి మూడు గ్లాసులు ఇవ్వడం అక్కడి ఆనవాయితీ. మీరు బుల్లి గ్లాసులు తీసుకుని ఒక్కో గ్లాసుకు ఒక్కో కబురు పెట్టుకోండి. మొదటి గ్లాసుకు అమ్మమ్మో తాతయ్యో చిన్ననాటి సంగతి చెప్పాలి. రెండో గ్లాసుకు ఈ వారం మీరు చేసిన పొరపాటు ఒకటి మీరు చెప్పాలి. మూడో గ్లాసు పిల్లలది. మీ పొరపాటు విన్నాక వాళ్లు తమది చెప్పడం తేలికవుతుంది. చెప్పినప్పుడు సలహా ఇవ్వకండి, వినండి.

మూడో ఆదివారం: లద్దాఖ్

లేహ్ పట్టణం సుమారు 3,500 మీటర్ల ఎత్తున ఉంది. ఆ చలిలో ఒంటికి శక్తినిచ్చేది వెన్న, ఉప్పు వేసిన గుర్ గుర్ చాయ్. చిలికేటప్పుడు వచ్చే చప్పుడే దానికి పేరైంది. మనింట్లో కవ్వం ఉండనే ఉంది. రెండు కప్పుల నీళ్లలో చెంచా టీ పొడి బాగా మరిగించి వడకట్టండి. అరకప్పు పాలు, చెంచా వెన్న, చిటికెడు ఉప్పు వేసి, గోరువెచ్చగా అయ్యాక పిల్లలతో చిలికించండి.

తియ్యగా ఉంటుందనుకుని తాగితే ముఖం చిట్లిస్తారు. "టీ అనుకోకు, చారు అనుకో" అని చెప్పి మళ్లీ ఒక గుక్క తాగమనండి. "ఛీ" అనే ముందు "వాళ్లకు ఇది ఎందుకు ఇష్టం?" అని అడగడం అలవాటైతే, ఈ పాఠం అందినట్లే.

నాలుగో ఆదివారం: మన ఇల్లు

అల్లం టీ, ఇరానీ చాయ్, బెల్లం టీ, ఏదైనా సరే. మీ ఇంట్లో అది ఎవరి చేతి నుంచి వచ్చిందో పిల్లలు అడిగి తెలుసుకుని, అర పేజీ రాసి క్లాస్ టీచర్‌కు ఇవ్వాలి. దీనికి మార్కులు లేవు.

ఇవి గుర్తుంచుకోండి

• పిల్లలకు టీ అలవాటు చేయడం మా ఉద్దేశం కాదు. కెఫీన్ నిద్రను చెడగొడుతుంది. రుచి చూడటానికి ఒకటి రెండు చెంచాలు చాలు. చిన్నపిల్లల కప్పులో టీ ఆకు లేకుండా పుదీనా నీళ్లో అల్లం నీళ్లో పోయండి.
• టీలోని టానిన్లు ఆహారంలోని ఇనుము ఒంటికి పట్టకుండా అడ్డుపడతాయి. భోజనానికి గంట ముందు, గంట తర్వాత టీ వద్దని హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ సూచిస్తోంది. ఇది పెద్దలకూ వర్తిస్తుంది.
• పొయ్యి దగ్గర పెద్దవాళ్లు తప్పకుండా ఉండాలి.

ఇంటి ప్రయోగం: పాలు లేని బ్లాక్ టీని రెండు గ్లాసుల్లో పోయండి. ఒకదాంట్లో నిమ్మరసం, ఇంకోదాంట్లో చిటికెడు వంటసోడా వేయండి. ఒకటి లేతబడుతుంది, ఒకటి ముదురుతుంది. ఆమ్లాలు, క్షారాల పాఠం చదివే పిల్లలు కారణం చెప్పగలరేమో చూడండి.

ఆదివారం నాలుగింటికి పిల్లలు మిమ్మల్ని పిలుస్తారు. దయచేసి ఆలస్యం చేయకండి.