కాపరి బాధ్యత స్వీకరించే బాప్టిస్టు యువకునికి



వేదాంత విద్య ముగించుకొని ఒంగోలు ప్రాంతంలోని ఒక గ్రామ సంఘానికి కాపరిగా వెళ్లే యువకుడు మొదటి ఆదివారం నుంచే ప్రసంగాలు, గృహదర్శనాలు, పెళ్లిళ్లు, భూస్థాపనల నడుమ తీరిక లేకుండా పోతాడు గనుక, తాను సేవించే సంఘానికి బాప్టిస్టు అన్న పేరు ఏ నమ్మకం వల్ల వచ్చిందో ముందుగానే నిదానంగా ఆలోచించుకోవడం మంచిది. ఆ నమ్మకం చెప్పడానికి సులువైనది, నిలబెట్టుకోవడానికి కష్టమైనది. ఒకరి విశ్వాసాన్ని వారి తరఫున తల్లిదండ్రులు గాని, కులపెద్దలు గాని, ప్రభుత్వం గాని, చివరకు కాపరి గాని ఒప్పుకోలేరనీ, ఎవరి ఒప్పుకోలు వారి నోటినుంచే రావాలనీ బాప్టిస్టులు నమ్ముతారు. శిశువులకు బాప్తిస్మం ఇవ్వకపోవడం, సంఘ వ్యవహారాలను సభ్యులే నిర్ణయించుకోవడం, ప్రభుత్వం మతంలో జోక్యం చేసుకోరాదనడం ఈ ఒక్క నమ్మకం నుంచే పుట్టాయి.

ఇంగ్లండులో రాజు ఆధీనంలోని సంఘాన్ని విడిచి హాలెండుకు వలసపోయిన జాన్ స్మిత్ అనే బోధకుడు 1609లో ఆమ్‌స్టర్‌డామ్ నగరంలో, శిశువుగా పొందిన బాప్తిస్మం చెల్లదని భావించి, విశ్వాసాన్ని స్వయంగా ఒప్పుకున్నవారికే బాప్తిస్మమిచ్చి ఒక చిన్న సంఘాన్ని కూర్చాడు. అతని సహచరుడు థామస్ హెల్విస్ స్వదేశానికి తిరిగివచ్చి 1612 ప్రాంతంలో లండన్ శివారు స్పిటల్‌ఫీల్డ్స్‌లో ఇంగ్లండు నేల మీద మొదటి బాప్టిస్టు సంఘాన్ని నెలకొల్పాడు. రాజు కూడా మర్త్యుడే గనుక ప్రజల ఆత్మలపై అతనికి అధికారం లేదని, ఆ స్వేచ్ఛ క్రైస్తవులకే గాక యూదులకు, ముస్లిములకు కూడా ఉండాలని తన గ్రంథంలో వాదించిన హెల్విస్ న్యూగేట్ చెరసాలలో బందీ అయ్యాడు. బాప్టిస్టులనగానే నీటిలో పూర్తిగా ముంచి ఇచ్చే బాప్తిస్మం గుర్తుకొస్తుంది గాని, స్మిత్ కాలంలో నీరు పోసే పద్ధతే ఉండేదని, ముంచడం ఇంగ్లండులో 1640ల ప్రాంతంలో స్థిరపడిందని యువ కాపరి గమనించాలి. బాప్తిస్మం ఎవరికి ఇవ్వాలన్న ప్రశ్న మొదట పుట్టింది, ఎలా ఇవ్వాలన్నది ఆ తర్వాత వచ్చింది. ముంచడం క్రీస్తుతో కూడ చనిపోయి, పాతిపెట్టబడి, తిరిగి లేవడానికి గుర్తు గనుక దానిని తేలికగా చూడరాదు. అయితే ఎంత లోతు నీటిలో ముంచినా, మునిగినవానికి తాను ఏమి ఒప్పుకుంటున్నాడో తెలియకపోతే ఆ గుర్తుకు అర్థం ఉండదు.

తెలుగు నేల మీద ఈ ప్రశ్న ఎదురైన తీరు వేరు. అమెరికన్ బాప్టిస్టు మిషన్ తరఫున 1836లో వచ్చిన శామ్యూల్ డే, తర్వాత వచ్చిన లైమన్ జ్యూయెట్ నెల్లూరు కేంద్రంగా పనిచేసిన తొలి దశాబ్దాల్లో చేరినవారు అతి కొద్దిమంది కావడంతో, ఆ మిషన్‌ను మూసివేయాలన్న ఆలోచన అమెరికాలో ఒకటి కంటే ఎక్కువ సార్లు వచ్చింది. 1866లో కనిగిరి ప్రాంతపు మాదిగ కులస్థుడు, తోళ్ల వ్యాపారి అయిన యర్రగుంట్ల పేరయ్య బాప్తిస్మం పొందాక ఆ స్థితి మారింది. అంతకుముందు గురువుల వద్ద యోగసాధన చేసిన ఆయనను ఆత్మసంబంధమైన వెదుకులాటే క్రీస్తు వద్దకు నడిపించింది. విన్న సంగతిని ఆయన వ్యాపారం నిమిత్తం తిరిగిన పల్లెలకూ బంధువుల ఇళ్లకూ చేర్చాడు. 1867లో ఎనిమిదిమంది సభ్యులతో మొదలైన ఒంగోలు సంఘం అదే మిషన్‌కు చెందిన జాన్ క్లౌ కాపరత్వంలో ఆ బంధుత్వాల వెంటే విస్తరించింది. తెలుగు బాప్టిస్టుల తొలి సువార్తికులు తెలుగువారే, అందునా ఊరి బయట నివసించినవారే అన్న సత్యాన్ని ప్రతి కాపరీ తన పిల్లలకూ సంఘానికీ చెప్పుకోవాలి. మిషనరీల పేర్లు మాత్రమే చెప్పే చరిత్ర ఆ పెద్దలకు అన్యాయం చేస్తుంది.

తర్వాత 1876-78 నాటి మహా క్షామం వచ్చింది. బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొన్ని మైళ్ల పనిని కంట్రాక్టుగా తీసుకొని వేలమందికి కూలి దొరికేలా చేసిన క్లౌ, ఆకలితో వచ్చినవారు అన్నం కోసం చేరారన్న మాట రాకుండా, వారి మనసులో అన్నం, విశ్వాసం కలిసిపోకుండా, సుమారు పదిహేను నెలలపాటు ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. ఎందరో పట్టుబట్టి అడిగినా, సహాయం పంచడం ముగిసి, చేరితే ఏమీ దొరకదని తేలిన తర్వాతే తలుపు తెరిచాడు. ఆ తర్వాత 1878 జూలై 3న ఒంగోలుకు ఉత్తరాన వెల్లంపల్లి వద్ద గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. అభిషిక్తులైన ఆరుగురు బోధకులు, ఒక్కొక్క సమయంలో ఇద్దరు చొప్పున నీటిలో నిలబడి ఆ పని నిర్వహించారు. వార్షిక సభల్లో ఈ అంకెను గర్వంగా తలచుకోవడం సహజమే. కాని దానికి ముందు గడిచిన పదిహేను నెలల నిరీక్షణే ఆ అంకెకు గౌరవం తెచ్చిందని, ఆ నిరీక్షణే లేకుంటే నదిలో జరిగినదానిని క్షామం చేసిన పనిగా చరిత్ర రాసేదని చెప్పడం సమంజసం. కుటుంబాలు కుటుంబాలుగా, పల్లెలు పల్లెలుగా వచ్చిన జనాన్ని ఒక్కొక్కరిగా ప్రశ్నించి, పేర్లు రాసుకొని, సాక్ష్యం విని చేర్చుకోవడానికి బోధకులు పడిన శ్రమలో, సామూహికంగా బతికే సమాజం వ్యక్తిగత ఒప్పుకోలును గౌరవించే దారి కనిపిస్తుంది. బంధువుల వెంట రావడం తప్పు కాదు. బంధువుల మాటే తన మాటగా చెప్పి ఊరుకోవడం చాలదు.

ఈనాటి సంఘాల్లో ఆ శ్రమ తగ్గింది. క్రైస్తవ కుటుంబాల్లో పుట్టిన పన్నెండు, పదమూడేళ్ల పిల్లలను ఒక జట్టుగా చేర్చి, పండుగకో ఉజ్జీవ సభలకో ముందు రెండు మూడు పాఠాలు చెప్పి, ఒకే ఉదయం నీటిలోకి దింపడం చాలాచోట్ల ఆచారమైంది. కాలక్రమంలో అది శిశువుల బాప్తిస్మానికి భిన్నంగా మిగలదు. వయసు మారుతుంది, ఒప్పుకోలు మాత్రం తల్లిదండ్రులదే అవుతుంది. యువ కాపరి సిద్ధపాటు తరగతిని కొన్ని నెలలపాటు నడిపి, ఒక్కొక్క పిల్లవానితో, పిల్లతో విడిగా మాట్లాడి, ఇంకా తెలియదన్నవారిని సంతోషంగా ఆగనివ్వాలి. తోటివారంతా తెల్లబట్టలు కట్టుకొని నీటిలో దిగుతుండగా తమ బిడ్డ ఒడ్డున నిలబడటం తల్లిదండ్రులకు నామర్దాగా తోచవచ్చు. వారితో ఓపికగా మాట్లాడటం కాపరి పని.

ఇంకొక విధంగా ఆగేవారు కూడా ఉంటారు, వారి విషయంలో మరింత మృదుత్వం అవసరం. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం షెడ్యూల్డు కులాల హోదా హిందువులకే పరిమితమై, తర్వాత సిక్కులకు, బౌద్ధులకు విస్తరించినా క్రైస్తవులకు వర్తించలేదు. ఆంధ్రప్రదేశ్‌లో క్రైస్తవులైన దళితులను వెనుకబడిన తరగతుల సి విభాగంలో చేర్చారు. ప్రతి ఆదివారం ఆరాధనకు వచ్చి, బైబిలు చదివి, కానుక వేసి, బాప్తిస్మం మాట వచ్చేసరికి తలవంచుకునే యువకులు అనేకులున్నారంటే దానికి కారణం విశ్వాసలోపమని తీర్పు చెప్పడం తొందరపాటు. చదువు, ఉద్యోగం, తల్లిదండ్రుల ఆశలు షెడ్యూల్డు కులపు ధ్రువపత్రంతో ముడిపడి ఉన్నాయి. అబద్ధం చెప్పమని కాపరి సలహా ఇవ్వరాదు, పిరికివాడని నిందించనూ రాదు. విశ్వాసం పేరిట పౌరుని హక్కులను రాజ్యం కొలవడం అన్యాయమని హెల్విస్ వారసులు చెప్పగలగాలి; ఆ మాట ప్రసంగ వేదిక మీద చెప్పినవాడే వ్యక్తిగతంగా ఆ యువకుని పక్కన కూర్చొని, నిర్ణయం అతనికి వదలగలుగుతాడు.

ఇక సంఘ సభ సంగతి. బాప్టిస్టు సంఘంలో తుది నిర్ణయం బిషప్పుది కాదు, సభ్యులందరూ కూడి ప్రార్థించి చేసే తీర్మానానిది. కాపరిని పిలవడం, పరిచారకులను, అంటే కానుకల లెక్కలు, పేదల సంరక్షణ చూసే డీకన్లను ఎన్నుకోవడం, కొత్త సభ్యుని చేర్చుకోవడం ఆ సభలోనే జరగాలి. అయితే చేతులెత్తినవారు ఎక్కువమంది అయినంత మాత్రాన తీర్మానం క్రీస్తు చిత్తం కాజాలదు. బానిసల యజమానులను మిషనరీలుగా నియమించవచ్చా అన్న వివాదంలో 1845లో అమెరికా దక్షిణాది బాప్టిస్టులు విడిపోయి, జార్జియాలోని అగస్టాలో తమ కన్వెన్షన్‌ను ఏర్పాటు చేసుకున్నారు. ఆ పాపాన్ని ఒప్పుకొని క్షమాపణ కోరడానికి వారికి 1995 వరకు పట్టింది. ప్రజాస్వామ్య పద్ధతి మాత్రమే సంఘాన్ని కాపాడలేదనడానికి ఇంతకంటే బాధాకరమైన రుజువు అక్కర్లేదు. ఒంగోలులో కొందరు అగ్రకులస్థులు సువార్తపట్ల ఆసక్తి చూపి, మాదిగలను చేర్చుకుంటే తాము రామన్నప్పుడు క్లౌ మాదిగల పక్షాన నిలబడ్డాడు. అదే నేలమీద ఈనాడు మాల, మాదిగ భేదం కాపరి ఎంపికలో, పెళ్లి సంబంధాల్లో, శ్మశానపు గోడ దగ్గర కనిపిస్తే, సంఖ్యాబలం చూసి యువ కాపరి మౌనం వహించరాదు. సభలో పేదరాలి మాటకు, ఉద్యోగస్తుని మాటకు సమాన సమయం ఇవ్వాలి. లెక్కలు చదివి వినిపించి, చదువురానివారికి అర్థమయ్యాకే ఆమోదం అడగాలి.

ఇతర శాఖల విషయంలో కఠినత్వం వద్దు. గుంటూరు వైపు లూథరన్ కుటుంబం నుంచి కోడలిగా వచ్చిన యువతి శిశుప్రాయంలో బాప్తిస్మం పొంది ఉంటే ఆమెను ప్రభురాత్రి భోజనానికి రానివ్వాలా అన్న ప్రశ్న తరచుగా వస్తుంది. పదిహేడవ శతాబ్దంలోనే యాత్రికుని ప్రయాణం రచించిన జాన్ బన్యన్ రానివ్వవచ్చని, లండన్ కాపరి విలియం కిఫిన్ రానివ్వరాదని వాదించారు, ఇద్దరూ భక్తిపరులే. విశ్వసించినవారే బాప్తిస్మం పొందాలన్న బోధను విడిచిపెట్టకుండానే, బన్యన్ మార్గం ఎంచుకోవడం క్రీస్తు ప్రేమకు దగ్గరగా ఉంటుంది. మళ్లీ బాప్తిస్మం పొందాలో లేదో ఆమె తన మనస్సాక్షితో నిర్ణయించుకోవడానికి ఎంత కాలం పట్టినా పట్టనివ్వాలి, అంతవరకు బల్ల దగ్గర ఆమె స్థానం ఆమెకు ఉండాలి.



సంఘ పెద్ద