వంతెన క్రింది పడవ

మీలో రైలుబొమ్మను చూడనివారుండరు. నమూనా రైలుమార్గమును చూచినవారు మాత్రము కొందరే యుందురు. ఈ రెండును ఒకటి కావు. రైలుబొమ్మ నేలమీద గిరగిర తిరిగి పసిపిల్లలను మురిపించును. నమూనా రైలుమార్గమన్ననో, బండిని, పట్టాలను, స్టేషనును, గుట్టలను, చెట్లను, ఏరును ఒకే లెక్క చొప్పున తగ్గించి బల్లమీద నమర్చునట్టిది. జర్మనీ దేశమున మార్క్‌లిన్ అను బొమ్మల సంస్థవారు 1891లో లైప్‌జిగ్ నగరపు సంతలో పట్టాలతో కూడిన బొమ్మరైలును ప్రదర్శించిరి. పిల్లల ఆటగా మొదలైనది క్రమముగా పెద్దల వ్యాసంగమైనది. నేడు పెక్కుమంది వాడు ప్రమాణమునకు హెచ్.ఓ. అని పేరు. ఇందు నిజమైన వస్తువు నమూనాకు 87 రెట్లుండును. అనగా 87 అడుగుల పొడవుగల వస్తువు బల్లమీద ఒక్క అడుగగును.

రైలును గూర్చి చెప్పువారు పలువురు కలరు. నేను దాని వంతెన క్రింద నుండు పడవను గూర్చి చెప్పదలచితిని.

నేను పదవీవిరమణ చేయుటకు మూడేండ్లు ముందు గోదావరి పడమటి గట్టున నొక ఉన్నత పాఠశాలలో ప్రధానోపాధ్యాయుడనుగా నుంటిని. విదేశమున నుద్యోగము చేయు పూర్వవిద్యార్థి యొకడు హెచ్.ఓ. ప్రమాణపు ఆవిరియంత్రమును, నాలుగు పెట్టెలను, కొన్ని పట్టాలను మా పాఠశాలకు బహూకరించెను. ఆ యేటి విజ్ఞాన ప్రదర్శనమునకు దానిని హేవ్‌లాక్ వంతెనమీద నడిపింతుమని ఎనిమిదవ తరగతి బాలురు పట్టుబట్టిరి.

హేవ్‌లాక్ వంతెన రాజమహేంద్రవరమునకును కొవ్వూరునకును నడుమ గోదావరిపై కట్టబడిన మొదటి రైలు వంతెన. వాల్టన్ అను ఇంజనీరు ఆధ్వర్యమున 1897లో పని యారంభమై, 1900లో రైళ్లు నడచినవి. దానికి 56 ఖానాలు. ఒక్కొక్కటి 150 అడుగులు. 1997లో దానిమీద రైళ్లు నిలిచిపోయినవి. కావున మా బాలురలో నొక్కడును దానిమీద రైలు పోవుచుండగా చూచినవాడు కాడు. చూడనిదానిని చేసి చూడవలెనని వారి యుబలాటము.

లెక్క వేసిరి. 150 అడుగులనగా 45.72 మీటర్లు. దానిని 87చే భాగించిన ఒక ఖానా 52.5 సెంటీమీటర్లు వచ్చినది. 56 ఖానాలకు 29 మీటర్లు దాటును! మా పాఠశాల వరండా యైనను చాలదు. ఆరు ఖానాలు చేసి మూడు మీటర్ల బల్లతో సరిపెట్టుకొనిరి. ఇరువది దినములు అట్టలు కోసి, అంటించి, స్తంభములు నిలిపి, దూలములు పేర్చిరి. వారి శ్రమకు నేను ముగ్ధుడనైతిని.

కాని వంతెన క్రింద బల్ల ఖాళీగా నుండెను. దానికి నీలిరంగు పూసి, తిరునాళ్లలో కొనిన ప్లాస్టిక్కు పడవ నొకదానిని దానిమీద పెట్టిరి. అంతే! మూడు మీటర్ల వంతెన ఒక్కసారిగా పిల్లకాలువమీది కల్వర్టువలె కనబడజొచ్చెను. బాలురు ముఖములు చిన్నబుచ్చుకొనిరి. లోపమెందున్నదో వారికి తెలియలేదు.

లోపము లెక్కలో నున్నది. ఆ పడవలోని బొమ్మమనిషి 5 సెంటీమీటర్ల యెత్తుండెను. 87చే గుణింపుడు: 435 సెంటీమీటర్లు, అనగా పదునాలుగడుగుల మనిషి! వంతెన యెత్తు ఎవరికిని కంఠస్థము కాదు. మనిషి యెత్తు, తలుపు ఎత్తు, పడవ పొడవు మాత్రము మన కంటికి చిరపరిచితములు. వానిని బట్టియే కన్ను తక్కిన వానిని కొలుచును. అందుచేత ఇరువది దినముల పనిని అయిదు రూపాయల పడవ చెరిచినది.

"పడవ సంగతి తెలిసినవారెవరైన మీలో నున్నారా?" అని యడిగితిని. ఎవరును పలుకలేదు. కొందరు మాత్రము వెనుక బల్లవైపు తిరిగి చూచి నవ్వుకొనిరి. అచ్చట కూర్చున్న బాలుడు తల వంచుకొనెను. వాని తాత పడవవాడట. ఆ మాటతో తోడివారు వానిని గేలి చేయుదురని నాకంతవరకు తెలియదు. ప్రధానోపాధ్యాయుడనై యుండియు తెలియకపోవుట నా లోపమే.

మరునాడు ఆ తాతకు కబురంపితిని. 1974లో రోడ్డు, రైలు రెండును గల వంతెన రాకపూర్వము రైలెక్కనివారు ఈ రేవుల నడుమ పడవలమీదను, లాంచీలమీదను గోదావరి దాటెడివారు. ఆయన యౌవనమంతయు ఆ రేవున గడచినది. వంతెన వచ్చినపిమ్మట కట్టెలు, ఇసుక మోసి కాలము గడపెను. ఆయన వచ్చి, బల్లచుట్టు ఒకసారి తిరిగి, రైలువంక చూడనైన చూడక, పడవవద్ద నిలిచెను.

"ఈ పడవలో ఎవరెక్కుతారు బాబూ? ఎక్కిన మనిషి నిలబడితే వంతెనకి తల కొట్టుకోడూ?" అనెను.

బాలురు పకాలున నవ్విరి. మనుమడు మాత్రము నవ్వలేదు.

ఆనాటి సాయంకాలము ఆయన పాత పడవ గట్టుమీద బోర్లించియుండగా బాలురు టేపుతో కొలిచిరి. పొడవు 30 అడుగులు, వెడల్పు 8 అడుగులు. నమూనాలో పొడవు పదిన్నర సెంటీమీటర్లు, వెడల్పు 2.8 సెంటీమీటర్లు కావలెను. అయిదడుగుల ఆరంగుళాల మనిషి 19 మిల్లీమీటర్లు, అనగా వ్రేలి గోరంత. (మన బ్రాడ్‌గేజి పట్టాల నడిమి యెడము కూడ సరిగా అయిదడుగుల ఆరంగుళాలే. హెచ్.ఓ. పట్టాల యెడము 16.5 మిల్లీమీటర్లు మాత్రమే. అది ఐరోపా గేజికి సరిపోవును గాని మనదానికి చాలదు. మాకు వచ్చిన రైలు అట్టిది. దానమిచ్చిన రైలులోని లోపమును క్షమించితిమి. మా చేతులతో చేయు పడవలో లోపమును క్షమింపగూడదని నిశ్చయించుకొంటిమి.)

పడవను చేయు విధము కష్టమైనది కాదు. కొండపల్లి బొమ్మలకు వాడు తెల్లపొణికి కర్ర మిక్కిలి తేలికయైనది, మెత్తనిది. అట్టి కర్రముక్కకు నడిమి గీత గీసి, దానికి రెండువైపుల సమానముగా పడవ యాకారమును పెన్సిలుతో దిద్దవలెను. చుట్టును చెక్కి, ఉప్పుకాగితముతో రుద్దవలెను. కత్తి పట్టినప్పుడు పెద్దవారు ప్రక్క నుండుట మంచిది. అంచును మీనుండి దూరముగా నడుపుడు. లోపలిభాగమును ఉలితో తవ్వుట పిల్లలకు దుస్సాధ్యము. కావున పైన పలుచని అట్టపట్టీని చుట్టును నిలిపి యంటించినచో పడవ ప్రక్కలు లేచి, నడుమ సహజముగా పల్లమేర్పడును. అతుకులను పూడ్చుటకు చింతగింజల పిండియు రంపపు పొట్టును కలిపిన మక్కు చాలును. కొండపల్లివారు చేయునదియు నదియే. తారు పూసిన పడవ యని పిల్లలు కారునలుపు వేసిరి. అది బల్లమీద బొగ్గుముక్కవలె నుండెను. దూరమునుండి చూచు వస్తువు రంగు కొంత వెలసినట్లుండును గదా! నలుపులో కొంత తెలుపు, చిటికెడు గోధుమరంగు కలుపగా పడవకు వయస్సు వచ్చినది.

రెండు పడవలు సిద్ధమైనవి. తాత మరల వచ్చెను. ఒకదానిని చేతబట్టి తిరుగవేసి చూచి, "దీనికి అడుగేదిరా?" అనెను. నీటిలో మునుగు భాగమును చేయక, నీటిమట్టమువద్దనే చదునుగా కోసియుంటిమి. బల్లమీది నీరు నిజమైన నీరు కాదు గనుక పడవ యడుగు దానిలో దిగదు.

"అడుగు నీళ్లలో ఉంది తాతా, కనపడదు" అని మనుమడు మొదటిసారి నోరు విప్పెను.

"సరే, ఎంత మునిగింది? ఖాళీ పడవా, సరుకు పడవా?"

దీనికి మాలో నెవరివద్దను సమాధానము లేదు. ఆ పడవలో నాలుగు టన్నుల కట్టెలు వేసెడివారమని ఆయన చెప్పెను. ఆ రాత్రి మనుమడు లెక్క చేసికొని వచ్చెను. తేలు వస్తువు తన బరువునకు సమానమైన బరువుగల నీటిని తొలగించునని మీరు విజ్ఞానశాస్త్రమున చదువుదురు. నాలుగు టన్నుల బరువునకు నాలుగు ఘనపు మీటర్ల నీరు తొలగవలెను. పడవ పొడవును వెడల్పును గుణించిన 240 చదరపుటడుగులు. కొనలు సన్నగిలుటచే దానిలో పదింట ఏడు వంతులే తీసికొనినచో 168 చదరపుటడుగులు, అనగా పదునైదున్నర చదరపు మీటర్లు. నాలుగును పదునైదున్నరచే భాగింపగా సుమారు 26 సెంటీమీటర్లు. సరుకెక్కిన పడవ ఖాళీ పడవకంటె అంత లోతుగా నుండును. నమూనాలో నది 3 మిల్లీమీటర్లు. ఒక పడవ యడుగును ఆ 3 మిల్లీమీటర్లు ఉప్పుకాగితముతో అరగదీసి, దానిలో కట్టెలు పేర్చిరి.

తాత తప్పులు పట్టుట అంతటితో ఆగలేదు. కొబ్బరి యీనెపుల్లను గెడగా పెట్టియుండిరి. అది ఒకటిన్నర మిల్లీమీటరు లావు. నిజమునకు 13 సెంటీమీటర్లగును. "ఈ గెడ ఎత్తాలంటే నలుగురు కావాలి మాస్టారూ. నలుగురూ గెడకే సరిపోతే సరుకెవడు మోస్తాడండీ?" అనెను. సన్నని రాగితీగతో మార్చితిమి. స్టేషను జెండా ఒకవైపు ఎగురుచుండగా, దూరపు పడవ తెరచాప మరొకవైపు ఉబ్బియుండెను. గాలి రెండు దిక్కుల వీచునా? రేవున ముక్కువద్ద త్రాడుతో కట్టిన పడవలను పిల్లలు ఒకదానిని ఎగువకు, ఒకదానిని దిగువకు తిప్పి పెట్టిరి. ఏటిలో నట్లుండదు. ప్రవాహము పడవ తోకను దిగువకు నెట్టును. ముక్కు ఎగువకే నిలుచును. ధవళేశ్వరమున 1852లో ముగిసిన కాటన్ ఆనకట్టచే ఎగువ నీరు నెమ్మదించినను, కట్టిన పడవ తిరుగు దిక్కు మారలేదు.

నీటి విషయము కూడ చెప్పవలెను. నిజమైన నీరే పోయరాదా యని బాలురు అడిగిరి. జర్మనీలోని హాంబుర్గు నగరమున 2001లో తెరచిన మినియాటుర్ వుండర్‌లాండ్ అను గొప్ప నమూనా ప్రదర్శనశాలలో ఒక భాగమున సుమారు 30,000 లీటర్ల నిజమైన నీటిలో నౌకలు నడచును. అంతటి యేర్పాటు మనకేల? పైగా చిన్న పడవకు నిజమైన నీరు అబద్ధమాడును. నీరు వస్తువు అంచును తడిపి రెండు మూడు మిల్లీమీటర్లు పైకి ప్రాకును. 87 రెట్లలో నది జానెడు నీటిగోడ! నీటికి ప్రమాణము తగ్గించుట మనచేత కాదు. కావున బల్లకు రంగుపూసి, ఆరిన పిమ్మట వార్నీషును పూతమీద పూతగా పూయుటయే మేలు. పడవ యడుగునకు బల్లకు నడుమ సందు మిగిలిన పడవ గాలిలో తేలినట్లు కనబడును. ఆ సందును వార్నీషుతోనే పూడ్చవలెను.

నీలిరంగు చూచి తాత, "గోదారి ఇంత నీలంగా ఎప్పుడుందండీ?" అనెను. ఎర్రనీరు వేయుదమనిరి బాలురు. "ఎర్రనీరొస్తే పడవ గట్టెక్కించేస్తాం. కార్తీకం చెయ్యండి" అనెను. కార్తికపు నీరు వేసితిమి: నడుమ బూడిద కలిసిన ఆకుపచ్చ, గట్టు చెంత ఇసుకరంగు.

బల్ల ఆవలి అంచున మూడవ పడవ నొకదానిని కావలెననియే చిన్నదిగా, 160వ వంతు ప్రమాణమున చేసితిమి. దూరపు వస్తువు చిన్నదిగా కనబడును గనుక ఏరు విశాలమైనట్లు తోచెను. తిరునాళ్ల పడవ చేసిన మోసమే ఇది. ఇచ్చట మనకు మేలు చేసినది.

ప్రదర్శనదినమున రైలు ఆరు ఖానాలమీద చక్కగా నడచినది. పరీక్షకులలో నొకరు వంగి చూచి, "ఈ రెండు పడవలలో నొకటి పైకి, ఒకటి లోతుగా నున్నదేమి? అంటించుటలో పొరపాటా?" అని యడిగిరి. రైలు నడుపు బాలురు నావంక చూచిరి. వెనుక నిలిచియున్న మనుమడు ముందుకు వచ్చెను.

"పొరపాటు కాదండి. అందులో నాలుగు టన్నుల కట్టెలున్నాయి. ఇది ఖాళీ. రెండూ మా తాత పడవే" అని, ఇరువది యారు సెంటీమీటర్ల లెక్కను తడబడక చెప్పెను. నవ్వినవారెవరును లేరు.

బహుమతి యేది వచ్చినదో నాకిప్పుడు జ్ఞాపకము లేదు. బల్లను విప్పునాడు తలకొక వస్తువు తీసికొండని చెప్పితిని. అందరును యంత్రమునే కోరిరి. అది పాఠశాల సొత్తగుటచే ఇచ్చుటకు వీలు లేకపోయెను. మనుమడు ఖాళీ పడవను తీసికొనెను. సరుకు పడవ చక్కగా నున్నది గదా, అది యేల వలదంటివని యడిగితిని. "కట్టెలు షావుకారువండి. ఖాళీగా ఉన్నప్పుడే పడవ మాదని తాత అన్నాడు" అనెను.

కొంతకాలమునకు వారి యింటికి పోవ తటస్థించినది. పడవ గోడగూటిలో నుండెను. దాని ముక్కు ఎగువకు తిప్పి పెట్టియుండిరి.