కాగితం మీద జట్టు కట్టడం

ఫాంటసీ ఫుట్‌బాల్ అంటే బంతి తన్నకుండా ఆడే ఆట. ఇంగ్లండ్ ప్రీమియర్ లీగ్ వాళ్ళ పద్ధతిలో 100 మిలియన్ పౌండ్ల ఉత్తుత్తి డబ్బుతో 15 మందిని కొనాలి. ఒక క్లబ్బు నుంచి ముగ్గురికి మించరాదు. నిజం మ్యాచ్‌లో వాళ్ళెట్లా ఆడితే మనకట్లా మార్కులు. మన పూతలపట్టులో నోటుబుక్కు, దినపత్రిక ఉంటే చాలు.

మన హాస్టల్లో అందరూ పేరున్న ఫార్వర్డ్‌లనే రాస్తారు. పేరు చూసి రాస్తే ఎట్లప్పా? గోలు కొడితే ఫార్వర్డ్‌కు 4 మార్కులే, డిఫెండర్‌కు 6. పెనాల్టీలు ఎవరివో కూడా చూడాల. 2022 ప్రపంచ కప్పులో మెస్సీ 7 గోల్స్‌లో 4 పెనాల్టీలే.

అన్నిటికన్నా, ఆటగాడు నిజంగా ఏ చోట ఆడుతున్నాడో నేను ముందు చూస్తాను. ఇది హైదరాబాద్ సయ్యద్ అబ్దుల్ రహీం గారి నుంచి నేర్చుకోవాల్సిందే. 1962 జకార్తా ఆసియా క్రీడల్లో ఆయన మన దేశం జట్టుకు కోచ్. డిఫెండర్ జర్నైల్ సింగ్ తలకు దెబ్బ తగిలి కుట్లు పడ్డాయి. ఇంకొకరైతే కూర్చోబెట్టేస్తారు. రహీం గారు ఆయన్ను ఫార్వర్డ్‌గా దించినారు! ఫైనల్లో దక్షిణ కొరియా మీద 2-1తో గెలిచాం. ఒక గోలు పి.కె. బెనర్జీది, రెండోది జర్నైల్‌ది. మరుసటి ఏడాదే రహీం గారు క్యాన్సర్‌తో పోయారు. అప్పుడీ ఆట ఉండుంటే, జర్నైల్‌ను డిఫెండర్ల వరుసలో రాసుకున్నవాడికి ఆ ఒక్క గోలుకే 6 మార్కులు.

శనివారం లోపల మీ జట్లు రాసి వార్డెన్ సార్ బల్ల మీద పెట్టండి. మ్యాచ్ మొదలయ్యాక కొట్టివేతలు చెల్లవు.