వృద్ధుల రక్తపరీక్షయు, వంశగుణమును

అరువదేండ్లు దాటినవారికి కీళ్లు పట్టుకొనుట, సన్నని జ్వరము విడువకుండుట, ఆకలి తగ్గుట సామాన్యముగ కలుగు బాధలు. ఇట్టి బాధలతో ఆస్పత్రికి పోయిన పెద్దలకు వైద్యులు వ్రాయు పరీక్షలలో ఇ.ఎస్.ఆర్., సి.ఆర్.పి. అను రెండు పేర్లు తరచుగ నుండును. అంకె ఎక్కువగ నున్న భయపడుట, తక్కువగ నున్న నిశ్చింతగ నుండుట మనకు అలవాటు. కాని ఆ అంకెను వ్యాధి యొక్కటియే నిర్ణయింపదు. వయస్సు, అలవాట్లు, తల్లిదండ్రుల నుండి సంక్రమించిన జన్యువులు గూడ దానిని హెచ్చించును, తగ్గించును. ఖమ్మము సరిహద్దు నుండి భద్రాచలము మన్యము వరకు గల గ్రామములవారు ఈ సంగతి తెలిసికొనుట మిక్కిలి అవసరము. ఏలనగా ఇచ్చటి కొన్ని కుటుంబములలో ఇ.ఎస్.ఆర్. పరీక్షను తప్పుదారి పట్టించు జన్యువొకటి తరతరములుగ వచ్చుచున్నది.

శోథ యనగానేమి?

కాలిలో ముల్లు విరిగినప్పుడు ఆ చోటు ఎర్రబారి, వాచి, వేడెక్కి, నొప్పి పెట్టును. దీనినే వైద్యులు శోథ యందురు. ఇది శరీరము తన్ను తాను కాపాడుకొను పద్ధతి. ముల్లు తీసి పుండు మానిన పిదప శోథ చల్లారవలెను. అయితే వయస్సు మళ్లినకొలది కొందరిలో కంటికి కనబడని స్వల్పశోథ ఏండ్ల తరబడి నిలిచియుండును. ఇటలీ శాస్త్రజ్ఞుడు క్లాడియో ఫ్రాన్సెస్కీ 2000 సంవత్సరమున దీనికి ప్రత్యేకముగ ఒక పేరు పెట్టి, వార్ధక్యమున వచ్చు పెక్కు వ్యాధులకు దీనితో సంబంధము కలదని సూచించెను. రక్తములో దీనిని తెలుపు గుర్తులే శోథసూచికలు.

రెండు సూచికలు

గడ్డకట్టకుండ మందు కలిపిన రక్తమును సన్నని గాజుగొట్టములో నిలువుగ నుంచి, ఒక గంటలో ఎర్రకణములు ఎన్ని మిల్లీమీటర్లు క్రిందికి దిగినవో చూచుటయే ఇ.ఎస్.ఆర్. పరీక్ష. స్వీడను దేశీయుడగు వెస్టర్‌గ్రెన్ 1921లో ఈ కొలతపద్ధతిని వివరించెను. శోథ యున్నప్పుడు రక్తములో కొన్ని మాంసకృత్తులు పెరుగుటచే ఎర్రకణములు నాణెముల దొంతరవలె ఒకదానికొకటి అంటుకొనును. ఆ దొంతర బరువైనది గనుక త్వరగ దిగును. వయస్సుతో ఈ అంకె కొంత సహజముగనే పెరుగును. పురుషులకు వయస్సులో సగము వరకు, స్త్రీలకు వయస్సునకు 10 కలిపి అందులో సగము వరకు ఉండవచ్చునని ఒక స్థూలమైన లెక్క కలదు. అనగా 70 ఏండ్ల పురుషునకు 35, స్త్రీకి 40. రక్తహీనత వలన గూడ ఇది పెరుగును.

సి.ఆర్.పి. యనునది కాలేయము తయారుచేయు మాంసకృత్తు. దీనిని 1930లో అమెరికాలోని రాక్‌ఫెల్లర్ సంస్థయందు టిలెట్, ఫ్రాన్సిస్ అను వైద్యులు నిమోనియా రోగుల రక్తములో కనుగొనిరి. శోథ మొదలైన కొలది గంటలలోనే ఇది పెరుగును. సుమారు రెండు దినములకు మిక్కిలి హెచ్చును. కారణము తొలగగనే తగ్గిపోవును.

జన్యువుల పాత్ర

ఒకే యింట ఒకే కూడు తిన్న ఇరువురు వృద్ధులలో ఒకరికి సి.ఆర్.పి. తక్కువగను, మరియొకరికి ఎక్కువగను ఉండవచ్చును. కవలలను, కుటుంబములను పరిశీలించిన శాస్త్రజ్ఞులు, మనిషికిని మనిషికిని నడుమ గల ఈ భేదములో ఇంచుమించు నాలుగవ వంతు నుండి అయిదింట రెండు వంతుల వరకు వంశానుగతమని తేల్చిరి. సి.ఆర్.పి.ని తయారుచేయు జన్యువు 1వ క్రోమోజోముపై నున్నది. దానియందలి చిన్న భేదములే కొందరిలో ఈ అంకెను పుట్టుకతోనే కొంచెము హెచ్చుగ నుంచును. అట్టివారికి అందువలననే గుండెజబ్బు హెచ్చుగ వచ్చుట లేదని 2011లో వెలువడిన ఒక పెద్ద పరిశోధన తెలిపినది. సి.ఆర్.పి. పొగవంటిది, వైద్యుడు వెదకవలసినది నిప్పును.

మిగిలిన భాగము మన చేతిలోనిది. చుట్ట, బీడీ త్రాగుట, చిగుళ్లవ్యాధి, మానని పుండు, అధికమగు బరువు శోథను పెంచును. వీనిని సవరించుకొనుట ఏ వంశమువారికైనను సాధ్యమే.

కొడవలి కణముల చిక్కు

ఎర్రకణములకు రంగునిచ్చు హిమోగ్లోబిన్ తయారీకి 11వ క్రోమోజోముపై ఒక జన్యువున్నది. అందు ఒక్క స్వల్పమైన మార్పు వలన, ప్రాణవాయువు తగ్గినప్పుడు గుండ్రని కణము కొడవలివలె వంగిపోవును. ఇదియే సికిల్ సెల్ వ్యాధి. మన దేశమున దీనిని మొదట నీలగిరి కొండజాతులలో గుర్తించినట్లు 1952లో ప్రకటించిరి. భద్రాచలము ప్రాంతపు కోయలు మొదలగు గిరిజనులలో గూడ ఈ జన్యువు కలదు. ఇది ఎవరి దోషమును గాదు. ఈ జన్యువు ఒక్క ప్రతి యున్న పిల్లలకు ప్రాణాంతకమగు మలేరియా నుండి కొంత రక్షణ లభించును. మన్యపు జ్వరము ప్రబలిన అడవులలో ఇది తరతరములుగ నిలిచియుండుటకు కారణమదియే.

ఇచ్చటనే జాగ్రత్త వలయును. కొడవలి కణములు నాణెములవలె దొంతర కట్టజాలవు. కావున సికిల్ సెల్ వ్యాధి గలవారికి శరీరములో శోథ యున్నను ఇ.ఎస్.ఆర్. తక్కువగ కనబడును. జ్వరముతోనో, ఎముకల నొప్పితోనో బాధపడువారి కాగితముపై చిన్న అంకె చూచి, ఏమియు లేదని ఇంటికి మరలిన ప్రాణాపాయము కలుగవచ్చును. ఇట్టివారికి సి.ఆర్.పి. మేలైన సాక్షి. అయినను ఈ వ్యాధి గలవారిలో అది సుఖముగ నున్న దినములలో గూడ కొంత హెచ్చుగనే యుండును. కావున ఆరోగ్యముగ నున్నప్పటి కాగితము భద్రపరచుకొని, జబ్బుపడినప్పటి అంకెతో పోల్చి చూపవలెను.

తల్లిదండ్రులలో ఒక్కరి నుండి మాత్రమే ఈ జన్యువు పొందినవారు వాహకులు. వీరు సాధారణముగ ఆరోగ్యవంతులే, వీరి ఇ.ఎస్.ఆర్. పరీక్షకు ఈ చిక్కు లేదు. ఇరువురి నుండియు పొందినవారికే వ్యాధి కలుగును.

పెద్దల కర్తవ్యము

కేంద్రప్రభుత్వము 2023 జూలై 1న సికిల్ సెల్ నిర్మూలన కార్యక్రమమును ప్రారంభించినది. 40 ఏండ్ల లోపు వయస్సు గల 7 కోట్ల మందిని పరీక్షించుట దాని సంకల్పము. వృద్ధులు ఆ లెక్కలోనికి రారు. అయినను మనుమల కార్డు తాతలకు దారి చూపును. మనుమనికి వ్యాధి యున్నచో, తల్లి వైపున ఒకరు, తండ్రి వైపున ఒకరు తాత అవ్వలలో ఈ జన్యువు గలవారై యుండుట ఖాయమని చెప్పవచ్చును. అట్టి పెద్దలు తామును పరీక్ష చేయించుకొని, ఆస్పత్రికి పోయినప్పుడెల్ల ఆ సంగతి వైద్యునకు ముందుగనే చెప్పవలెను.

సంబంధములు కుదుర్చువారు పెద్దలే. వాహకులైన ఇరువురికి వివాహమైనచో, ప్రతి కాన్పునందును బిడ్డకు వ్యాధి వచ్చుటకు నాలుగింట ఒక వంతు అవకాశము కలదు. మేనరికములలో ఇరువైపుల అదే జన్యువు కలియుట సులభము. కావున మాట ఇచ్చుటకు ముందే ఇరువురి కార్డులు చూడవలెను. అంతియేగాని వాహకులను వెలివేయుట అన్యాయము. వాహకులు గానివారిని పెండ్లాడినచో వారి బిడ్డలకు ఈ వ్యాధి రాదు.

వేసవిలో తునికాకు కోయుటకు అడవికి పోవు దినములలో దాహము, ఎండ కణములను వంచి నొప్పులు తెచ్చును. వ్యాధి గలవారు మంచినీరు వెంట తీసికొనిపోయి మాటిమాటికి త్రాగవలెను. ఎండ ముదరకముందే ఇల్లు చేరవలెను. వైద్యుడు వ్రాసిన హైడ్రాక్సీయూరియా మందును తమంతట తాము మానరాదు. జ్వరము వచ్చిననాడే ఆస్పత్రికి పోవలెను.

పుట్టుకతో వచ్చిన జన్యువును మార్చుకొనుట కుటుంబము వశమున లేదు. కాని దానిని తెలిసికొని, వైద్యునకు తెలిపి, రక్తపరీక్షను సరిగా చదివించుకొనుట ప్రతి కుటుంబమునకును సాధ్యమైన పని.