యాంజియోగ్రామ్‌కు ముందు ఆపాల్సిన గోలీలు

ప్రశ్న: మా నాయనకు 64 ఏండ్లు, షుగరుంది. ఛాతీ నొప్పి వస్తుంటే హైదరాబాద్‌లో యాంజియోగ్రామ్ రాశారు. క్రియాటినిన్ 1.8. రంగు మందు ఎక్కిస్తే కిడ్నీలు పోయి డయాలసిస్‌కు వస్తుందని ఊళ్లో భయపెడుతున్నారు. వద్దందామా? మోకాళ్ల నొప్పికి మెడికల్ షాపు గోలీలు రోజూ వేసుకుంటాడు.
– ఒక పాఠకుడు, తెలకపల్లి

జవాబు: వద్దనకండి. మీరు చివర్లో తేలిగ్గా రాసేసిన ఆ గోలీలే నన్ను కలవరపెడుతున్నాయి. రంగు మందు కిడ్నీల గుండానే బయటికి పోతుంది. పోతూ లోపలి సన్నటి రక్తనాళాలను కొంతసేపు బిగిస్తుంది. వాటిని తెరిచి ఉంచడానికి ఒళ్లు తయారుచేసుకునే రసాయనాలను డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ లాంటి గోలీలు అడ్డుకుంటాయి. రెండు దెబ్బలూ ఒకే చోట పడతాయన్నమాట. ‘ఏళ్లుగా మింగుతున్నాడు, ఏం కాలేదు’ అంటారేమో. ఏం కాకపోతే క్రియాటినిన్ 1.8 ఎందుకుంటుంది? అందులో షుగరు వాటా ఎంతో, గోలీల వాటా ఎంతో ఎవరూ విడదీయలేరు. కానీ గోలీలు ఆపడం మీ చేతుల్లో పని. ఇవాళే ఆపించండి. నొప్పికి పారాసిటమాల్ ఎంత వేయొచ్చో డాక్టరును అడగండి.

కిడ్నీలను కాపాడే ఖరీదైన మందు ఏదైనా ఉందా అని చాలామంది వెతుకుతారు. ముప్పు ఎక్కువున్న దాదాపు 5,000 మందిపై జరిగి 2018లో అచ్చయిన ‘ప్రిజర్వ్’ అధ్యయనంలో బైకార్బొనేట్ సెలైన్ మామూలు సెలైన్‌ను మించలేదు. ఎసిటైల్‌సిస్టీన్ ఉత్తుత్తి గోలీని మించలేదు. ఒంట్లో నీరు తగ్గకుండా చూడటం, రంగు మందు వీలైనంత తక్కువ వాడటం, అవసరమైతే స్టెంటు మరో రోజుకు పెట్టుకోవడం, పనికొచ్చేవి ఇవే. అలాగని బిందెడు నీళ్లు తాగించకండి. గుండె పంపింగ్ తగ్గినవాళ్లకు ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది. సెలైన్ ఎంతో డాక్టరే తేల్చాలి. అటాక్ వచ్చిన మనిషికైతే ఇవన్నీ చూస్తూ ఆగే వ్యవధే ఉండదు. క్రియాటినిన్ పెరిగితే సాధారణంగా రెండు మూడు రోజుల్లో పెరుగుతుంది, చాలామందికి రెండు వారాల్లోపే దిగుతుంది. డయాలసిస్ అరుదు. ఆరోగ్యశ్రీ 2007 ఏప్రిల్ 1న మొదలైన మూడు జిల్లాల్లో మన పాలమూరు ఒకటి. గుండె వైద్యం అప్పటినుంచే పేదలకు అందుతోంది. కానీ డిశ్చార్జి అయి ఊరు చేరాక మూడో రోజు రక్తపరీక్ష ఎవరికీ గుర్తుండదు. నాగర్‌కర్నూల్‌లో చేయించి, రిపోర్టు హైదరాబాద్ డాక్టరుకు ఫోన్లో పంపండి. మెట్‌ఫార్మిన్ వాడుతుంటే ముందే చెప్పండి. ఆపమంటే, ఆ రిపోర్టు చూశాకే మళ్లీ మొదలుపెట్టాలి.

ప్రశ్న: కొబ్బరినీళ్లు తాగితే రంగు మందు తొందరగా పోతుందా?

జవాబు: పోదు, పైగా కిడ్నీ బలహీనంగా ఉన్నవాళ్లకు అందులోని పొటాషియం గుండెకే ప్రమాదం.