మన్యంలో డాక్టరుగా చేరిన మేనకోడలికి

అమ్మడూ,

పాడేరు వైపు పీహెచ్‌సీలో చేరావని మీ నాన్న చెప్పాడు. ఏఎన్ఎంగా నా ఉద్యోగమంతా అలాంటి కొండ ఊళ్లలోనే గడిచింది కాబట్టి నాలుగు మాటలు రాస్తున్నాను.

ఓపీలో కూర్చుని వచ్చినవాళ్లకి మందులు రాస్తే రోజు గడిచిపోతుంది, జబ్బు మాత్రం ఆగదు. వైద్యం, నివారణ రెండూ ఒకేచోట జరగాలని 1946లోనే భోర్ కమిటీ చెప్పింది. నీ ఆస్పత్రి పుట్టింది అందుకే. రిజిస్టర్లో ప్రతి పేరు పక్కనా గూడెం పేరు రాయించు. ఒకే గూడెం నుంచి వారంలో ముగ్గురు చలిజ్వరంతో వచ్చారంటే, రాలేనివాళ్లు ఇంకెందరో ముసుగుతన్ని పడుకుని ఉంటారు. ఆ సాయంత్రమే ఆ గూడెం ఆశా కార్యకర్తకి ఫోన్ చెయ్యి. మర్నాడు ఏఎన్ఎంని మలేరియా పరీక్ష కిట్లతో పంపు, వీలైతే నువ్వూ వెళ్లు.

వైవాక్స్ మలేరియాకి క్లోరోక్విన్ మూడు రోజులే, ప్రైమాక్విన్ 14 రోజులు. చిక్కంతా అక్కడే. జ్వరం దిగగానే మనిషి పోడు పనికి పోతాడు, మిగిలిన మాత్రలు చూరులో ఉండిపోతాయి. కాలేయంలో దాగిన క్రిమి కొన్ని వారాలకో నెలలకో లేస్తుంది. అప్పుడతన్ని కుట్టిన దోమ పక్కింటి పిల్లని కుడుతుంది. ఆ మాత్రలు చివరిదాకా మింగించగలిగేది రోజూ ఆ గుమ్మం ముందు నడిచే ఆశాయే. మీటింగుల్లో ముందు ఆమెని మాట్లాడనివ్వు, పదిమందిలో కసురుకోకు. గర్భిణులకి, పసిపిల్లలకి ప్రైమాక్విన్ ఇవ్వకూడదని నీకు తెలుసు, ఆమెకి మాత్రం మళ్లీ మళ్లీ చెప్పు.

దోమతెరలు పంచామని రాసుకుని ఊరుకోకు. పంట కాపలాకి మంచె మీద పడుకునేవాడి తెర ఇంట్లోనే ఉంటుంది. వాడికి ఇంకొకటి ఇప్పించు.

రెండు వారాలు దాటిన దగ్గు ఎవరిదైనా కఫం పరీక్షకి పంపాల్సిందే. టీబీ మందులు కనీసం ఆరు నెలలు వాడాలి. రెండు నెలలకే ఒళ్లు తేలికపడి చాలామంది మానేస్తారు. ఆ ఇంట్లో మిగతావాళ్లనీ చూడు. టీబీ రోగి పోషణకి నెలకి 1,000 రూపాయలు వస్తాయి. బ్యాంకు ఖాతా లేక అది ఆగితే నువ్వే పట్టించుకో.

టీకాల ఫ్రిజ్ 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉందో లేదో రోజుకి రెండుసార్లు చూసి రాయించు, ఆదివారాలు కూడా.

ఈ వారం సంతకి తప్పక వెళ్లు. ఏ గూడెంలో ఎవరు మంచం పట్టారో కాగితాల కన్నా ముందు అక్కడే తెలుస్తుంది. అక్కడ మందులిచ్చే ఆర్ఎంపీని కూడా పలకరించు. జ్వరాలొస్తే కబురు పెట్టమని అడుగు.

ప్రేమతో,
మీ అత్తయ్య